మ్యాటు కింది ఒండ్రు

ముత్యాలు డ్రైవరు కాదు. ఈ ముక్క ముందే చెప్పేస్తే మనకి పేచీ లేదు. మద్రాసులో ఓ షావుకారింట్లో పన్నెండేళ్లు కార్లు కడిగాడు, అంతే. రాజోలు పక్కనున్న సొంతూరికి తిరిగొచ్చాక టీ కొట్టు బల్ల మీద కూర్చుని, "నేను స్టీరింగు పట్టుకుంటే మౌంటురోడ్డు పక్కకి తప్పుకునేదండీ" అని ఒకసారి నోరు జారాడు. ఇక ఇరవయ్యేళ్లుగా ఆ అబద్ధాన్ని మేపుతూనే ఉన్నాడు. ఊరంతా 'డ్రైవరు ముత్యాలు' అంటే సిగ్గులేకుండా పలికాడు. ఊళ్లో ఒక్క కారుంటే కదా, బండారం బయటపడడానికి!

అలాంటివాణ్ణి అక్క బంగారమ్మ కొడుకు చిన్నబ్బాయి కారు చూడ్డానికి రమ్మన్నాడు. చిన్నబ్బాయి మస్కట్‌లో ఏడేళ్లు లారీ తోలి, ఎండకి మాడి మసై వచ్చాడు. ఓ పాత ఫియట్ కొని పెళ్లిళ్లకీ అంతర్వేది తీర్థానికీ బాడుగకి తిప్పుకుంటే, ఇల్లూ వాకిలీ వదలక్కర్లేదని వాడి ఆశ.

"ఉన్నదంతా దీన్లోనే పెడతన్నాను మావయ్యా. ఇది నడవకపోతే మళ్లీ విమానవెక్కాల్సిందే. నువ్వోసారి చూసి చెప్పు" అన్నాడు.

కారు కొత్తపేట ప్లీడరు బాలగంగాధరం గారిది. మీగడ రంగు, నిగనిగలాడుతోంది. "పెద్దమనుషులెక్కే బండయ్యా. అంబాసిడరంత ఖరీదూ కాదు, అంత పెట్రోలూ తాగదు" అన్నారాయన. చిన్నబ్బాయి బానెట్టు ఎత్తి చూశాడు, వీధి చివరిదాకా తోలుకొచ్చాడు. "ఇంజను బానే ఉంది. లోపలంతా నువ్వు చూడు మావయ్యా" అని దిగాడు.

ముత్యాలు ఎక్కి కూర్చున్నాడో లేదో, చెయ్యి దానంతటదే కాళ్ల కింది మ్యాటు ఎత్తింది. పన్నెండేళ్ల అలవాటు మరి! మ్యాటు మూల వేళ్లకి గట్టి పెళ్ల తగిలింది. ఎండిపోయిన గోదారి ఒండ్రు. తలుపు లోపలి అట్ట అడుగున ఉబ్బిపోయి ఉంది. పెళ్లని ముక్కు దగ్గర పెడితే అదే వరదనీటి నీచువాసన. ఇంకేముంది, నిరుటి వరదలో ఈ బండి సీట్లదాకా మునిగింది! పైన రంగేసి నిలబెట్టారు. రెండు వానలు పడితే వైర్లు పోతాయి, అడుగంతా తుప్పు తినేస్తుంది.

మాట నోటిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే ప్లీడరుగారు నవ్వారు.

"ఏమయ్యా, పెద్ద డ్రైవరన్నారు! డ్రైవరన్నవాడు ఇంజను చూస్తాడు గానీ, కార్లు కడిగేవాడిలా మ్యాట్లెత్తుతాడా?"

ముత్యాలు మొహం జేవురించింది. గబుక్కున మ్యాటు దింపేశాడు. మట్టిపెళ్ల గుప్పిట్లోంచి జేబులోకి పోయింది. దిగి, బానెట్టు మీద చెవి ఆనించి, "ఇంజను వీణండీ వీణ! కళ్లు మూసుకుని తీసుకో అల్లుడూ" అన్నాడు. పాపిష్టి నోరు!

కాయితాల మీద సంతకాలయ్యాయి. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి, చిన్నబ్బాయి హుషారుగా బయల్దేరాడు. రేవులో బళ్లని ఏరు దాటించే పంటు అవతలి ఒడ్డున ఉంది. బండి ఆపి మేనమామ చెయ్యి పట్టుకున్నాడు.

"నీకో సంగతి చెప్పనా మావయ్యా? నువ్వు డ్రైవరువి కాదని అమ్మ నాకు చిన్నప్పుడే చెప్పింది. ఇంజను చూడ్డానికి నేను చాలనా? కడిగిన చేతికి తెలిసినట్టు బండి గుట్టు ఇంకెవరికి తెలుస్తాదని, అందుకే నిన్ను తీసుకొచ్చేను."

ముత్యాలుకి చచ్చిపోదామన్నంత సిగ్గేసింది. ఎవరి దగ్గర దాచాడో వాడికి తెలుసు. ఏది దాచకూడదో అది దాచేశాడు. జేబులో చెయ్యి పెట్టి, మట్టిపెళ్ల తీసి చిన్నబ్బాయి అరచేతిలో పెట్టాడు.

వాడికి వివరించక్కర్లేదు. నిరుడు నెల్లాళ్లు తల్లి ఇంట్లోంచి గోకి పారేసిన మట్టే అది, సెలవు పెట్టి వచ్చి తనూ గోకాడు.

"ఎక్కడిదిది?"

"మ్యాటు కింద."

"ఎప్పుడు చూసేవు?"

"నువ్వు సంతకం పెట్టకముందే."

చిన్నబ్బాయి తిట్టలేదు. తిట్టినా బాగుండేది. వంగి, తన కాళ్ల కింది మ్యాటు ఎత్తి చూశాడు.

పంటు వచ్చి ఆగింది. పంటు మీది కొండయ్య కారులోకి తొంగిచూసి, "ఓహో, డ్రైవరు ముత్యాలుగారా! కొత్త బండాండీ? పోనివ్వండి మరి!" అన్నాడు.

"నేను డ్రైవర్ని కాదు కొండయ్యా. కార్లు కడిగేవాణ్ణి" అన్నాడు ముత్యాలు.

"ఆయ్, మీకెప్పుడూ వేళాకోళవేనండీ" అని కొండయ్య పగలబడి నవ్వాడు.