ఉషారాణి డిజైన్లు

కృష్ణపట్నం దగ్గరి పల్లెలో ఉషారాణి మిషన్ ఎంబ్రాయిడరీ చేస్తుంది. పెళ్లి జాకెట్ల మీద కుట్టే డిజైన్లన్నీ ఆమె సొంతంగా గీసినవే. పోయినేడు నమ్మి ఒకరికి డిజైన్లున్న పెన్‌డ్రైవ్ ఇస్తే, ఆమె గీసిన రొయ్యమీసాల తీగ నెల్లూరు కొట్లో బొమ్మకు తొడిగిన జాకెట్ మీద తేలింది. అప్పట్నుంచీ ఎవరినీ నమ్మదు.

మిషన్‌ని నడిపే పాత ల్యాప్‌టాప్ ఇప్పుడు కిరకిరమంటూ మధ్యలో ఆగిపోతోంది. డిజైన్లన్నీ అందులోనే ఉన్నాయి. తప్పనిసరై నెల్లూరులో జడ్సన్ అనే అతని రిపేరు షాపుకు తెచ్చింది.

"హార్డ్‌డిస్క్ పోయే దశలో ఉందక్కా. దాని బదులు ఎస్సెస్‌డీ అని కొత్తరకం డిస్క్ వేస్తా. ఇది పాతకాలం ల్యాప్‌టాప్, నేరుగా పట్టదు. మధ్యలో ఈ చిన్న అడాప్టర్ కార్డు పెట్టాల. పెట్టేసిపోండి, సాయంత్రం ఇస్తా."

"పెట్టేసి పోను. నా ముందరే చెయ్."

పాత డిస్క్‌లోవన్నీ కొత్తదానిలోకి ఎక్కించడానికి అతను రెండింటినీ తన కంప్యూటర్‌కి తగిలించాడు. ఆమె లేచి అతని భుజం వెనక నిలబడింది.

"నా డిజైన్లు నీ దాంట్లోకి ఎందుకు పోతున్నాయి?"

"పోవటంలా. దీన్నించి దాన్లోకి పోతున్నాయి, అంతే."

ఆమె కదల్లేదు. జడ్సన్‌కి ఒళ్లు మండింది. కాపీ అవగానే స్క్రూడ్రైవర్ ఆమె చేతిలో పెట్టాడు.

"నా చెయ్యి తగిలితేనే కదా అనుమానం? మీరే బిగించుకోండి."

ఉషారాణి బెదరలేదు. అతను చెప్పినట్టే ఎస్సెస్‌డీని అడాప్టర్‌కి, అడాప్టర్‌ని ల్యాప్‌టాప్‌కి తగిలించింది. ఆన్ చేస్తే తెర నల్లగానే ఉంది.

"ఏం చేసినావు దీన్ని?"

"నేను ముట్టుకున్నానా అక్కా? ఊడదీసి చూడండి."

చూస్తే అడాప్టర్‌ని ఒక పిన్ను పక్కకు జరిపి గుచ్చింది. తప్పు తనదే. ఊడదీసి సరిగ్గా గుచ్చింది. ఈసారి ల్యాప్‌టాప్ చప్పుడు లేకుండా ఆన్ అయింది. ఒక్కో డిజైనూ తెరిచి చూసింది. అన్నీ ఉన్నాయి.

అయినా మనసు ఒప్పలేదు.

"నీ కంప్యూటర్ ఒకసారి చూపించు."

జడ్సన్ నిట్టూర్చి కుర్చీ ఖాళీ చేశాడు. ఆమె తన డిజైన్ల పేర్లన్నీ కొట్టి వెతికింది. ఏదీ దొరకలేదు.

"తప్పుగా అనుకోవద్దు, జడ్సన్. ఒకసారి దెబ్బ తిన్నా."

"ముందే ఆ మాట చెప్పుంటే నేనే కుర్చీ వేసి కూర్చోబెట్టుండేవాణ్ణి కదక్కా," అంటూ పాత డిస్క్‌ని కాగితంలో చుట్టి ఆమెకిచ్చాడు.

ఆ సాయంత్రమే మిషన్ మీద ఆగిపోయిన జాకెట్ పూర్తయింది.