మేడమ్‌కి చెప్పకండి

పాత హెడ్‌మాస్టారు రిటైరయ్యాక ఆ బడికి ఆవిడే పెద్దదిక్కు అయింది. అంతకుముందు చాలా ఏళ్లు అక్కడే సోషల్ టీచరు. పాతాయన వెన్నలాంటి మనిషి, ఎవరినీ పల్లెత్తు మాట అనేవాడు కాదు. దాంతో గంట కొట్టాక కూడా టీచర్లు గేటు దగ్గర కబుర్లాడుతూ నిలబడేవారు. వరండా సంతలా ఉండేది. బడి సామాను ఏది ఎక్కడికి పోయిందో దేవుడికే ఎరుక. ఆయన వెనకాల ఉండి అవన్నీ సర్దుకొచ్చింది ఆవిడే. అందుకే కుర్చీలో కూర్చున్న రోజునే గట్టిగా అనుకుంది, మెత్తనివాళ్లను చూస్తే మొత్తబుద్ధి అవుతుంది, నేను మాత్రం మెత్తబడకూడదని.

మెత్తబడలేదు. ఆలస్యమైతే గదికొచ్చి కారణం చెప్పాలంది. ఏది పగిలినా, ఏది విరిగినా సంజాయిషీ రాసివ్వాలంది. ఆటబంతుల నుంచి ఫస్ట్ ఎయిడ్ పెట్టె దాకా అన్నీ ఆవిడ గదిలోని బీరువాలోకి చేరాయి. కొద్ది నెలల్లోనే బడి గాడిన పడింది. తనిఖీకి వచ్చిన అధికారి మెచ్చుకుని వెళ్లాడు.

అదే బడిలో ఆవిడ భర్త లెక్కల మాస్టారు. ఆయనకూ మినహాయింపు లేదు. ఆవిడ పొద్దున్నే నడిచి వెళ్లిపోతుంది, ఆయన వెనకాల స్కూటరు మీద వస్తాడు. ఒకరోజు స్కూటరు మొరాయించింది. ఆయన కూడా గదిలోకి వెళ్లి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"కారణం?"

"బండి స్టార్ట్ కాలేదు మేడమ్. నిన్న కూడా మొండికేసింది, మీరే చూశారు."

"చూశాను కాబట్టే అడుగుతున్నా. తెలిసిన జబ్బుకి ముందే మందు వేయించాలి కదా."

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఆయన, "మేడమ్, కూరగిన్నె కాస్త ఇటు జరుపుతారా" అంటే ఆయన తల్లికి నవ్వుతో పొలమారింది. ఆవిడా నవ్వేసింది. నవ్విందే గాని, తనను ఆ పిలుపుతో తప్ప పిలిచేవాళ్లు బడిలో ఒక్కరూ మిగల్లేదని అప్పటికి ఆవిడ గమనించలేదు.

సైన్సు టీచరు ఒకప్పుడు "అక్కా" అనేది. వయసులో బాగా చిన్నది. ఉద్యోగంలో చేరినప్పటినుంచీ ఆవిడ పక్కనే కూర్చుని, క్యారియరు విప్పి సగం కూర ఆవిడ మూతలో వేసేది. క్లాసులో మాత్రం ఆ పిల్లది పెద్ద గోల. బెలూన్లు పేలేవి, నీళ్లు పొంగేవి, పిల్లలు బల్లలెక్కి చూసేవారు. ఇప్పుడు ఆ క్లాసు పక్కనుంచి వెళ్తుంటే చీమ చిటుక్కుమన్నా వినపడుతోంది. పిల్లలు తలొంచుకుని బోర్డు మీది బొమ్మ దించుకుంటున్నారు. పర్వాలేదు, ఈ పిల్లకి కూడా క్రమశిక్షణ అబ్బిందని హెడ్‌మిస్ట్రెస్ సంతోషించింది.

ఒకరోజు పొద్దున ఒక తల్లి కూతుర్ని వెంటబెట్టుకుని ఆవిడ గదికి వచ్చింది. ఆ పిల్ల అరచేతికి కట్టు ఉంది.

"పోట్లాటకి రాలేదండీ. నిన్న బళ్లో చెయ్యి తెగింది, కుట్లు వేయించాం. ఎలా తెగిందే అంటే చెప్పదు. చెబితే టీచరుకి చివాట్లు పడతాయని ఒకటే ఏడుపు. మా పిల్లే ఏమైనా తుంటరిపని చేసిందేమో కనుక్కుందామని వచ్చా." ఉతికి మడతపెట్టిన రుమాలు ఒకటి బల్లమీద పెట్టింది. "దీంతో కట్టి పంపారు. ఎవరిదో వాళ్లకి ఇచ్చేయండి."

రుమాలు ఎవరిదో హెడ్‌మిస్ట్రెస్‌కి చూడగానే తెలిసింది. తల్లీకూతుళ్లను బయట కూర్చోబెట్టి సైన్సు టీచర్ని పిలిపించింది. ఆ అమ్మాయి రుమాలు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"పిల్లలు బతిమాలారు మేడమ్. చాన్నాళ్లయింది కదా అని ప్రయోగం పెట్టాను. ఆ పిల్ల కార్కులోకి గాజు గొట్టం దూరుస్తుంటే విరిగి గుచ్చుకుంది."

"ఫస్ట్ ఎయిడ్ పెట్టె ఉంది కదా?"

సైన్సు టీచరు తలెత్తి బీరువా వైపు చూసింది. "ఉంది మేడమ్. మీ వెనకాల."

హెడ్‌మిస్ట్రెస్ వెనక్కి తిరిగి బీరువాకున్న తాళం చూసింది.

"సాయంత్రం నేనే ఇంటికి దింపాను. వాళ్లమ్మ లేకపోతే పక్కింటావిడకి అప్పజెప్పి వచ్చా. మీకు చెబుదామనే బయల్దేరాను మేడమ్. ఇక్కడిదాకా కాళ్లు రాలేదు."

తిట్టడానికి ఏమీ మిగల్లేదు. ఆవిడ బయటికి వెళ్లి, ఆ తల్లి పక్కన బెంచీ మీద కూర్చుని, పిల్ల తప్పేమీ లేదనీ, టీచరు తప్పు కూడా లేదనీ, బడి పద్ధతిలోనే పొరపాటు ఉందనీ, దాన్ని తాను సరిచేస్తాననీ చెప్పింది.

ఆ సాయంత్రం ఇంట్లో చిక్కుళ్లు ఒలుస్తున్న భర్తని అడిగింది. "మీకు తెలుసా?"

ఆయన చేతులు ఆగాయి. "స్టాఫ్ రూమ్‌లో అందరికీ తెలుసు."

"ఒక్క ఇంట్లో ఉంటూ ఒక్క మాట నా చెవిన వేయలేకపోయారా?"

"వేస్తే చాడీకోరునవుతాను. ఇప్పటికే నేను లోపలికి వెళ్తే మాటలు ఆపేస్తున్నారు." ఇంకో చిక్కుడుకాయ అందుకున్నాడు. "ఆ అమ్మాయి కళ్లనీళ్లతో 'మేడమ్‌కి చెప్పకండి మాస్టారూ' అంది. ఏ మేడమ్ గురించా అని ఒక్క క్షణం నాకు తట్టలేదోయ్. తర్వాత వెలిగింది, నీ గురించేనని."

ఆవిడ వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి అలాగే నిలబడిపోయింది. వెనకాలే అత్తగారు వచ్చి కుళాయి కట్టేసింది.

"నేను కాపురానికొచ్చిన కొత్తలో పింగాణీ జాడీ పగలగొట్టా. మా అత్తగారంటే హడలు నాకు. పెంకులు పెరట్లో పాతిపెట్టా. వానలకి మట్టి కొట్టుకుపోయి, అవి మీ మామగారి కాల్లో దిగాయి. పాపం నెల్లాళ్లు కుంటుతూ నడిచారు. అప్పటికీ నేను నోరు విప్పలేదు."

"మీ అత్తగారు అంత చెడ్డదా?"

"అబ్బే. ఇల్లు అద్దంలా ఉంచేది. మంచిదే. కాకపోతే ఏది పగిలినా ముందు పెంకులు లెక్కపెట్టేది. నువ్వొచ్చాక అనుకున్నా, ఈ పిల్ల ఏది పగలగొట్టినా ముందు చెయ్యి చూడాలని." కోడలి భుజం మీద చెయ్యి వేసింది. "నువ్వూ తక్కువేం పగలగొట్టలేదు లే."

మర్నాడు స్టాఫ్ మీటింగు అనగానే అందరూ సైన్సు టీచరు వైపు జాలిగా చూశారు. హెడ్‌మిస్ట్రెస్ నిలబడే మాట్లాడింది.

"పిల్ల చేతినుంచి రక్తం కారుతుంటే ఒక టీచరు నా గదిదాకా రాలేకపోయింది. ఆ భయం నేను పెట్టిందే. పెట్టె ఇవాళ్టినుంచి ల్యాబులో ఉంటుంది. సంజాయిషీలు వద్దు. ఏదైనా పగిలితే నోటిమాటగా చెప్పండి, చాలు. ఆలస్యం మాత్రం ఆలస్యమే," అంటూ లెక్కల మాస్టారి వైపు చూసింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

కానీ ఎవరూ వెంటనే నమ్మలేదు. ఇందులో ఏదో మెలిక ఉందని ఆటల మాస్టారు తేల్చేశాడు. ఆవిడ క్యారియరు పట్టుకుని స్టాఫ్ రూమ్‌కి వెళ్తే గదంతా లేచి నిలబడింది. కూర్చున్నాక చెంచాల చప్పుడు తప్ప మరోటి లేదు. భర్త ఒక పాత జోకు వేసి పరిస్థితిని మరింత పాడుచేశాడు. అయినా ఆవిడ మర్నాడూ వెళ్లింది, ఆ తర్వాతా వెళ్తూనే ఉంది.

కొన్నాళ్లకి ఆటల మాస్టారే బంతి తగిలి కిటికీ అద్దం పగిలిందని వచ్చాడు. 'ఎవరిది బాధ్యత' అన్న మాట ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, "పిల్లలకేమీ కాలేదుగా?" అంది. లేదన్నాడు. "సరే, అద్దం వేయిద్దాం" అంది. దారిపొడుగునా కూర్చుకున్న సాకు ఎక్కడ వాడాలో తెలియక ఆయన కాసేపు అక్కడే నిలబడి, తర్వాత వెళ్లిపోయాడు.

సైన్సు క్లాసులో మళ్లీ ఏవేవో పొంగసాగాయి. ఆ అమ్మాయితో మాత్రం మునుపటి చనువు ఒక్కసారిగా తిరిగి రాలేదు. ఎదురుపడితే నవ్వేది, పక్కకి తప్పుకునేది. తొందరపెడితే వచ్చేది కాదులే అని హెడ్‌మిస్ట్రెస్ ఊరుకుంది.

వానాకాలంలో ఒకరోజు, రెండో పీరియడ్ మధ్యలో ఆ అమ్మాయి తనంతట తానే గదికి వచ్చింది. మొహం పాలిపోయి ఉంది.

"ల్యాబులో ఆ వాసనలు పడట్లేదు మేడమ్."

"కిటికీలు వానకి బిగుసుకుపోయి ఉంటాయి. వడ్రంగిని పిలిపిస్తా. గోడకి ఫ్యాను కూడా పెట్టిద్దాం."

"ఫ్యానుతో పోయేవి కాదు మేడమ్." ఆ అమ్మాయి చీర కొంగు వేలికి చుట్టుకుంది. "ఇంకా మా ఇంట్లో కూడా చెప్పలేదు. రెండుసార్లు అందరికీ చెప్పుకున్నాక నిలవలేదు కదా. మళ్లీ వాళ్లకి ఆశ పెట్టాలంటే భయంగా ఉంది."

హెడ్‌మిస్ట్రెస్ లేచి తలుపు దగ్గరకి వేసింది. ఆ అమ్మాయిని కూర్చోబెట్టి, తానూ పక్క కుర్చీలో కూర్చుంది.

"ఇంట్లో నీకు ధైర్యం వచ్చినప్పుడే చెప్పు. ఈలోగా మెట్లెక్కకు. నీ క్లాసులు కిందికి మారుస్తా. పొద్దున ఏమైనా తిన్నావా?"

"తింటే నిలవట్లేదు."

"కొంచెం కొంచెంగా తిను. ఎంత సేపైనా పర్వాలేదు." క్యారియరు విప్పి ఆ అమ్మాయి ముందు పెట్టింది. ఇంతలో మూడో పీరియడ్ గంట కొట్టారు. సైన్సు టీచరు గాభరాగా లేవబోతే భుజం పట్టి ఆపింది.

"కూర్చో. ఆ క్లాసు నేను చూసుకుంటా."

చాక్‌పీసు తీసుకుని మెట్లెక్కి వెళ్లేసరికి ఏడో తరగతి పిల్లలు బిక్కమొహాలతో లేచి నిలబడ్డారు. ముందు బల్లలో ఒకమ్మాయి చెయ్యెత్తింది.

"మేడమ్, మా టీచరు రాలేదా?"

"వచ్చింది. కింద టిఫిన్ తింటోంది," అంది ఆవిడ. "మీరు కూర్చోండి."