కాటా కడుపుమంట

నేను ఒక కాటాను. కిరాణా కొట్లలో ఎర్ర అంకెలు మిణుకుమంటూ కనిపించే పలకను కాదు. కొక్కెంతో దూలానికి తగిలిస్తే రెండు తట్టలు వేలాడే అసలైన ఇనప కాటాను. దండె మధ్యలో నిలబడే ముల్లు నా పరువు. ఏటా తూనికలు కొలతల ఆఫీసులో నన్ను పరీక్షించి దండె మీద ముద్ర కొడతారు. అలాంటి ముద్రలు నాకు ఇరవై ఆరు ఉన్నాయి. మనుషుల్లో ఏటేటా పరీక్షకు నిలబడి, ఇంకా నిజమే చెబుతున్నానని ముద్ర వేయించుకునేవాళ్లు ఎందరున్నారో మీరే ఆలోచించుకోండి.

నన్ను చేసింది విజయనగరంలో. మొదట కొన్నది మన్యం సంతల్లో చింతపండు కొనే వ్యాపారి. ఆ చింతపండులోంచే చిన్న ముద్ద తీసి, తూకం రాళ్లు పెట్టే తట్ట అడుగున అంటించేవాడు. మోసం అతనిది, చెడ్డపేరు నాది. ఒకనాడు ఆ ముద్ద కాస్తా నడిసంతలో అందరి ముందూ ఊడిపడింది. అతను నన్ను అక్కడే వదిలేసి జీపెక్కి పారిపోయాడు. జనం నన్ను గెడ్డ నీళ్లలో శుభ్రంగా కడిగి, పనసగెడ్డ రేషన్ డిపోకి తెచ్చి తగిలించారు. బస్సు దిగి గంటసేపు నడిస్తే వచ్చే ఊరు అది. డిపో నడిపేది గెమ్మెలి నీలమ్మ.

ఇరవై ఏళ్లు ఆ డిపోకి మహారాణిని నేనే. బియ్యం ఇచ్చే రోజు ఊరంతా నా ముల్లు వంకే చూసేది. నీలమ్మ ఒక గుప్పెడు తీస్తే ముల్లు ఒరిగేది, ఒక గుప్పెడు వేస్తే నిలబడేది. అది నిలబడే దాకా గదిలో ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు. దసరాకి మొదటి బొట్టు నాకే పెట్టేవారు. నాకు గర్వం ఉండేది, దాచుకోను.

అలాంటి నా బతుకులోకి ఆ మిషను దిగింది. అరచేతి కంటే కాస్త పెద్దది. నల్లటి మొహం, ఒక మూల చిన్న అద్దం ముక్క. ఆ అద్దం మీద వేలు పెడితే మనిషెవరో గుర్తుపట్టి చీటీ ఇస్తుందట. ఆ చీటీ వస్తేనే బియ్యం తూచాలట. అంటే ఎవరికి తూచాలో, ఎప్పుడు తూచాలో అది చెప్పాలి, నేను వినాలి. నిన్నగాక మొన్న వచ్చిన ప్లాస్టిక్ డబ్బా మాట ఇరవై ఆరు ముద్రలున్న నేను వినాలి!

పోనీ అదేమైనా గొప్ప పనిమంతురాలా అంటే అదీ కాదు. దానికి సిగ్నల్ కావాలి. పనసగెడ్డలో సిగ్నల్ లేదు, ఫోను లైనూ లేదు. ఊరి వెనక కొండ మీద పెద్ద బండ ఉంది. అక్కడ నిలబడితే ఎక్కడి టవరుదో సిగ్నల్ కాస్త తగులుతుంది. అంతవరకూ పేరే లేని ఆ బండని జనం ‘వేలిబండ’ అనడం మొదలుపెట్టారు. నెల మొదట్లో నీలమ్మ మిషనుని బుట్టలో పెట్టి, బుట్ట నెత్తిన పెట్టుకుని కొండ ఎక్కేది. వెనకాలే ఊరంతా ఎక్కేది. వేళ్లు పెట్టి, చీటీలు పట్టుకుని దిగి వచ్చేవాళ్లు. అప్పుడు నేను తూచేదాన్ని.

దాన్ని ఎలా మోసేవారో చూస్తే నాకు ఒళ్లు మండిపోయేది. వాన పడితే దానికి గొడుగు పట్టేవాళ్లు. మనుషులు తడిసేవాళ్లు, అది తడిసేది కాదు. అలిగి ఆగిపోతే ‘తల్లీ, ఒక్కసారి పలకవే’ అని బతిమాలేవాళ్లట. నన్ను ఎవరు బతిమాలారు? నేను ఎప్పుడు ఆగాను గనక! ఆ ఏడు దసరాకి మొదటి బొట్టు దానికి పెట్టి, మిగిలిన కుంకుమ నా దండెకి రాశారు. ఆ రోజు నుంచి అది ఎప్పుడు చెడిపోతుందా అని కాచుకుని కూర్చున్నాను. సిగ్నల్ రాక జనం ఉత్త సంచులతో కొండ దిగి వస్తే లోపల్లోపల పొంగిపోయేదాన్ని. వాళ్లు ఉత్త చేతులతో వస్తే నా తట్టలూ ఉత్తవే కదా అని అప్పట్లో తట్టలేదు. కుళ్లు అలాగే ఉంటుంది.

ఉత్త సంచితో ఎక్కువసార్లు వచ్చింది పాంగి బుద్రి. నీలమ్మకి పెద్దమ్మ వరస, ఒంటరి మనిషి. కార్డులో ఆమె పేరొక్కటే, ఆమె బదులు వేలు పెట్టేవాళ్లు లేరు. మోకాళ్లు వంగవు కాబట్టి ఇద్దరు మనుషులు డోలీలో కొండ మీదికి మోసుకెళ్లేవాళ్లు. జన్మంతా అడ్డాకుల విస్తర్లు కుట్టి కుట్టి ఆమె వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. మిషను మొదటిసారి ఒప్పుకునేది కాదు. రెండోసారి పెట్టేలోగా సిగ్నల్ పోయేది. మళ్లీ డోలీ, మళ్లీ కిందికి. ఒక వర్షాకాలంలో డోలీ మోసేవాళ్లలో ఒకడు జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆ నెల బుద్రి డిపోకొచ్చి, బియ్యం బస్తాల ఎదురుగా కూర్చుంది.

“ఇంక నన్ను మొయ్యొద్దే. నా కూటి కోసం ఒకడి కాలు పోనాది సాలు” అంది.

“మరేటి తింటావు పెద్దమ్మా?”

“పెండలం దుంప ఉన్నాది. నీ బియ్యం మాత్రం నాకెట్టకు. నీ పిల్లల నోటి కాడ కూడు నానొల్లను.”

బుద్రి తన బియ్యం ఉన్న బస్తా వంక చాలాసేపు చూసి లేచి వెళ్లిపోయింది. ఆ బస్తాకీ నాకూ నాలుగడుగుల దూరం. నీలమ్మకి ఆ రోజు అన్నం సహించలేదు. మర్నాడు మళ్లీ ఒక అర్జీ రాయించింది, ఊరికి నెట్టు లైను వెయ్యమని. అది పదిహేడో అర్జీ.

ఆ అర్జీల పుణ్యమే కాబోలు, ఒక రోజు పట్నం నుంచి ఒక ఆఫీసరు చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. ప్రభుత్వం బ్రాడ్‌బ్యాండ్ విస్తరణ సలహా మండలి అని కొత్తగా ఒకటి పెడుతోందట. పన్నెండు మంది సభ్యులట. అందులో ఒకరు లైను లేని ఊరి మనిషి అయి ఉండాలని జీవోలో ఉందట. నీలమ్మని సభ్యురాలిగా వేశారట.

“మెంబరంటే ఏటి సెయ్యాల బాబూ?”

“సలహా ఇవ్వాలమ్మా.”

“లైను ఎయ్యండి. ఇదే నా సలా. రాసుకోండి” అంది నీలమ్మ.

“అలా కాదమ్మా, మీటింగుకి వచ్చి చెప్పాలి.”

మీటింగు విశాఖపట్నంలో. చెబితే నమ్మరేమో, కళ్లారా చూపిస్తానని నీలమ్మ మిషనుని వెంట తీసుకుంది. నాకు ముద్ర వేయించే గడువు కూడా దగ్గరపడింది కాబట్టి, ఒకే ఖర్చులో రెండు పనులని నన్నూ బయలుదేరదీసింది. బస్సులో మిషను ఆమె ఒళ్లో, కిటికీ పక్కన. నేను గోనెసంచిలో, సీటు కింద, ఎవరిదో కోళ్లగంప పక్కన. దారి పొడుగునా కళ్లలో నిప్పులు పోసుకున్నాను.

మేం చేరేసరికి తూనికల ఆఫీసు ఇంకా తెరవలేదు. దాంతో నన్ను మీటింగు హాలుకే మోసుకెళ్లి తన కుర్చీ ముందు, బల్ల కింద పెట్టుకుంది. కాబట్టి సలహా మండలి గురించి నాకు తెలిసినదంతా మోకాళ్ల కింది భాగమే. ఇరవై రెండు కాళ్లకి మెరిసే బూట్లు, చెప్పులు. రెండు కాళ్లకి దుమ్ము పట్టిన హవాయి చెప్పులు. పైన ఒకరి తర్వాత ఒకరు గంటసేపు మాట్లాడారు. సగం మాటలు నాకు అర్థం కాలేదు, చాలా కాళ్లు నిద్రలో ఊగడం చూశాను కాబట్టి వాళ్లకీ అంతేనేమో. చివరికి చైర్మన్ పరాంకుశం గారు, రిటైరైన పెద్ద ఇంజినీరట, “నీలమ్మ గారూ, మీ సమస్య చెప్పండి” అన్నారు.

నీలమ్మ మిషనుని బల్ల మీద పెట్టింది. “ఇది పన్జెయ్యదు బాబూ. సూడండి మీరే” అని దాని మీద తన వేలు పెట్టింది.

కిర్రుమని చీటీ వచ్చింది.

పట్నం కదా, సిగ్నల్ పొంగిపొర్లుతోంది. కొండ మీద ఊరందరి చేతా మొక్కించుకుని కూడా పలకని మహాతల్లి, అక్కడ ఏసీ గదిలో, గొప్పవాళ్ల ముందు, ఒక్క వేలుకే చీటీ ఇచ్చింది. హాలంతా చప్పట్లు. నా కడుపు భగ్గుమంది. దాని వగలు చూసి, పనిమాలా చప్పట్లు కొట్టే వాళ్లని చూసి, బల్ల కింద నా తట్టలు రెండూ కాగిపోయాయి.

“బాగానే పనిచేస్తోందిగా” అన్నాడు మండలి కార్యదర్శి. “పనసగెడ్డలో సమస్య లేదని రాసుకుందాం సర్.”

ఆ ముక్క కాగితం మీద పడిందంటే ఊరికి లైను రాదు. బుద్రి పెండలం తిని బతకాలి. తప్పు చేశానని నీలమ్మకి తెలిసిపోయింది. సిగ్నల్ లేని ఊరి కష్టం చూపించడానికి మిషనుని సిగ్నల్ ఉన్న ఊరికి మోసుకొచ్చింది. వంగి గోనెసంచి విప్పింది. ఒక చేత్తో కొక్కెం పట్టుకుని నన్ను బల్ల పైన వేలాడదీసింది. తట్టలు గలగలమన్నాయి. మిగతా పదకొండు మంది మొహాలు అప్పుడు మొదటిసారి చూశాను.

నీలమ్మ చీటీని నా కుడి తట్టలో వేసింది.

“దీన్లో ఏటి రాసున్నాది బాబూ?”

చైర్మన్ కళ్లజోడు సవరించుకుని చదివారు. “కార్డుదారు గెమ్మెలి నీలమ్మ. బియ్యం ఇరవై కిలోలు ఇవ్వడమైనది.”

“ఇచ్చీసినట్టేనా? మరి ముల్లు కదల్లేదేటి?”

నా ముల్లు కదల్లేదు. నిటారుగా నిలబడ్డాను. జన్మలో అంత కదలకుండా ఎప్పుడూ నిలబడలేదు.

“సీటీ ఇక్కడున్నాది. బియ్యం మా ఊర్లో ఉన్నాది. మా పెద్దమ్మ బియ్యమెదురుగానే కూకుంటాది, సీటీ కోసం కొండెక్కలేదు. నెలనెలా ఆవిణ్ణి మీ మీటింగుకి తెచ్చీమంటారా బాబూ? సెప్పండి.”

పరాంకుశం గారు కార్యదర్శి ముందున్న కాగితం లాక్కుని, రాసిన ముక్క ఆయనే కొట్టేశారు. “రేషన్ మిషనుని కొండలెక్కించే ఊళ్లన్నీ ముందు రాయండి. మొదటి లైన్లు వాటికే. ఈ మండలి మొదటి సలహా ఇది” అన్నారు. ఆయన నా దండె మీద ముద్రలు కూడా ఒక్కొక్కటీ తడిమి చూశారు. మిషను వంక ఎవరూ చూడలేదు. ఆ మధ్యాహ్నం నేను ఎంత మురిసిపోయానో చెప్పలేను.

ఆ మురిపెం ఏడు నెలలు. ఎనిమిదో నెల స్తంభాలు వచ్చాయి, నల్ల తీగ వచ్చింది, డిపో గోడకి పచ్చ దీపాల పెట్టె వచ్చింది. మిషనుకి బల్ల మీద శాశ్వతంగా చోటు దొరికింది. దానితో మాట్లాడే కొత్త కాటా కూడా వచ్చింది, ఎర్ర అంకెల పలక. చీటీలో ఎంత ఉంటే అంతే తూస్తుందట. నన్ను దించి, పాత ఇనుము కొనేవాడి కోసం వసారాలో పెట్టారు. నా ముల్లు చూపించి నేనే వాదించి, నా సవతికి సింహాసనం వేయించానన్నమాట. ఇది తలుచుకుని ఎన్ని రోజులు ఏడ్చానో నాకే తెలుసు.

లైను వచ్చాక మొదటిసారి బియ్యం ఇచ్చే రోజు బుద్రి కర్ర పొడుచుకుంటూ తనే వచ్చింది. వసారాలోంచి నాకు అంతా కనిపిస్తోంది. ఆమె వేలు పెట్టింది. మిషను కాదంది. నాకు అలవాటైన సంతోషం కలిగింది. రెండోసారి పెట్టింది. మళ్లీ కాదంది.

“ఈ యేళ్లు సచ్చిపోనాయే నీలమ్మా. వొదిలీ.”

“కొండ మీద కాదు కదా పెద్దమ్మా, సిగ్నలెక్కడికీ పోదు. ఉండు” అంటూ నీలమ్మ గోరువెచ్చని నీళ్లు తెచ్చి ఆమె బొటనవేలు ముంచి, తుడిచి, అద్దం మీద మెల్లగా ఒత్తింది. అప్పుడు నాకేమైందో నాకే తెలియదు. ‘ఒప్పుకోవే, ఈ ఒక్కసారి ఒప్పుకో తల్లీ’ అని నా పగదాన్ని నేనే బతిమాలాను.

చీటీ వచ్చింది.

ఎర్ర అంకెలు వెలిగాయి, బియ్యం సంచిలో పడింది. బుద్రి సంచి నెత్తికెత్తుకుని, కర్ర తీసుకుని బయటికొచ్చింది. నన్ను దాటుకుంటూనే వెళ్లింది, నా వైపు చూడనైనా లేదు. అప్పుడూ కుళ్లుకున్నాను, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఎవరూ మోయకుండా, తన కాళ్ల మీద తనే నడుచుకుంటూ, ఆమె తన బియ్యం ఇంటికి తీసుకెళ్లింది.