రత్నం చెప్పిన కల

ఇరవై రెండేళ్లుగా ఆ చర్చిలో ఆడవాళ్ల వైపు చాప మీద మూడో వరసలో కూర్చుంటున్న రత్నం, ఏ ఆదివారమూ లేచి నోరు విప్పిన పాపాన పోలేదు. సాక్ష్యాల సమయం వచ్చిందంటే మోకాలి నొప్పి తగ్గినవాళ్లు, తప్పిపోయిన గేదె దొరికినవాళ్లు, కొడుక్కి వీసా వచ్చినవాళ్లు ఒకరి తరవాత ఒకరు లేచి దేవుడికి స్తోత్రాలు చెప్పేవారు. రత్నం తల మీద కొంగు సర్దుకుని, ఆమెన్ దగ్గర పెదాలు కదిపేది. పేటలో ప్రతి ఆడదాని జాకెట్టు కొలతలూ ఆవిడకి నోటికొచ్చు. నలుగురిలో నాలుగు మాటలు మాత్రం రావు.

అలాంటి మనిషి నవంబరు ఆఖరి ఆదివారం లేచి నిలబడింది. నిలబెట్టింది ఒక కల.

ఆ కలలో కాలవ పొడుగునా గుర్రపుడెక్క ఊదారంగు పూలు పూసి ఉంది. రత్నం గట్టు మీద కుట్టుమిషను వేసుకుని కాలవ నీళ్లకి అంచు కుడుతోంది. నీళ్లు మెత్తగా, మంచి వాయిల్ గుడ్డలా, సూది కిందనుంచి జారిపోతున్నాయి. అంతలో పడవొకటి వచ్చింది. పడవలో పక్కింటి సూరమ్మ, పెళ్లికూతురి తెల్లచీరలో, పక్కన మొగుడు సాల్మన్. ఇద్దరికీ పాతికేళ్లు దాటి ఉండవు. ఒడ్డున బ్యాండువాళ్లు బుగ్గలు పూరించి ఊదుతున్నారు గానీ ఏ చప్పుడూ లేదు. సూరమ్మ పడీపడీ నవ్వుతోంది.

మెలకువ వచ్చేసరికి ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. రత్నానికి పట్టరాని సంతోషం కలిగింది. సాల్మన్ మస్కట్ వెళ్లి ఆరేళ్లయింది. ఆ ఆరేళ్లలో సూరమ్మ అంత హాయిగా నవ్వగా ఆవిడ చూడలేదు. కల్లోనైనా నవ్వింది కదా, ఆ మాట నలుగురి ముందూ చెప్పి దేవుడికి దణ్ణం పెట్టాలనిపించింది. అందుకే లేచింది.

“ఇవాళ తెల్లారగట్ట నాకో కలొచ్చిందండి,” అంది. “మా సూరమ్మక్కకి పెళ్లి జరుగుతుందండి. తెల్లచీర కట్టుకుని పడవలో...”

ముందు వరసలో ఉన్న మార్తమ్మగారు, స్త్రీల సమాజానికి పెద్ద, “ప్రభువా!” అని గుండె మీద చెయ్యి వేసుకుంది. అంతే, చర్చంతా కలకలం.

శకునాలు నమ్మకూడదని పాస్టరుగారు నెలకోసారైనా చెబుతూనే ఉంటారు. జనం తలలూపుతూనే ఉంటారు, పిల్లి ఎదురొస్తే ఆగుతూనే ఉంటారు. కలలో పెళ్లి కనబడితే ఆ ఇంట చావని తాతల నాటి మాట. తెల్లవారుజాము కల నిజమవుతుందని ఇంకో మాట. మొగుడు పరాయి దేశంలో ఉన్న ఆడది ఈ రెండు మాటల్నీ కలుపుకోవడానికి ఎంతసేపు పడుతుంది? సూరమ్మ ఫోను తీసుకుని బయటికి పరుగెత్తింది. మస్కట్ నంబరు కొడితే ఎవరో ఆడమనిషి అరబ్బీలో ఏదో గబగబా చెప్పి పెట్టేసింది. రెండోసారీ అదే. మూడోసారికి సూరమ్మ మెట్ల మీదే కూలబడిపోయింది. జనమంతా అటు పరుగెత్తారు. చెప్పాల్సిన సగం కల నోట్లోనే ఉంచుకుని రత్నం ఒక్కతే చాప మీద నిలబడి ఉంది.

ఆ రోజున్నరా సూరమ్మ ఇంటి ముందు చెప్పులు గుట్టపడ్డాయి. ప్రార్థనలు, పాటలు, ఏడుపులు అన్నీ గోడ దాటి రత్నం ఇంట్లోకి వచ్చేవి. రత్నం తలుపు వేసుకుని మిషను దగ్గర కూర్చుంది. రెండుసార్లు లేచి గడప దాకా వెళ్లింది. ఏ మొహం పెట్టుకుని వెళ్లాలి? తనని చూడగానే అందరూ ఏమంటారు? రెండుసార్లూ వెనక్కి వచ్చి కూర్చుంది.

సోమవారం సాయంత్రం సాల్మన్ ఫోను చేశాడు. నిక్షేపంలా ఉన్నాడు. ఎడారిలో కొత్త పనికి పంపారట, అక్కడ సిగ్నలు లేదట. పేటంతా స్తోత్రాలు పలికి, కళ్లు తుడుచుకుని, ఆ తరవాత తీరిగ్గా రత్నం మీద పడింది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్నారు. ఇరవై రెండేళ్లు మూసుకున్న నోరు ఇందుకా తెరిచింది అన్నారు. ఒకావిడ కత్తెర పెట్టని జాకెట్టు గుడ్డ వెనక్కి పట్టుకుపోయింది. ఇంకొకావిడ, “నా గురించి ఏ కలలూ కనొద్దమ్మా, నీకు పుణ్యముంటది,” అని నవ్వుతూనే అంది. నవ్వుతూ అన్నదే ఎక్కువ గుచ్చుకుంది.

రత్నం కాలవ రేవుకి అందరూ వచ్చే వేళకి వెళ్లడం మానేసి, తెల్లారకుండానే వెళ్లొచ్చేది. ఆదివారం ఆటో ఎక్కి, తన్నెవరూ ఎరగని ముమ్మిడివరం చర్చిలో వెనక గోడకి ఆనుకుని కూర్చుని వచ్చేసింది. మొగుడు బుల్లబ్బాయి కొబ్బరికాయలు వలిచే మనిషి, మాటకి పీనాసి. ఆయన్నే అడిగింది ఒకరోజు.

“ఏవండీ, నేనంత కాని మాట అన్నానంటారా?”

బుల్లబ్బాయి చేతికంటిన పీచు దులుపుకుంటూ ఆలోచించాడు. “ఆ పెళ్లికి నేనొచ్చేనా?”

“లేదండి.”

“మరి పిలవని పెళ్లి సంగతి నాకేం తెలుద్ది?”

ఇంకో రోజైతే నవ్వేది. ఇప్పుడు నవ్వు రాలేదు.

డిసెంబరు వచ్చింది. కొబ్బరితోటల్లో మంచు కమ్ముకుని పొద్దున ఎనిమిదింటి దాకా కదిలేది కాదు. రత్నానికి లోపలా బయటా ఒకటే మసక. మిషను తొక్కుతూ ఆ రోజు అన్న వాక్యాన్నే విప్పి మళ్లీ కుట్టుకునేది. పెళ్లి అనకుండా ఉంటే? సూరమ్మక్క నవ్వుతుందండి అని మొదలెట్టి ఉంటే? తెల్లచీర సంగతి మింగేసి ఉంటే? ఎన్ని విధాలుగా కుట్టినా చివరికి మార్తమ్మగారి చెయ్యి గుండె మీదికి వెళ్లేది. ఒక్కోసారి నిజంగా లేచి మాట్లాడిందో, అది కూడా కలలో భాగమో తెలిసేది కాదు.

మూడు వారాలు గడిచాక ఒక పొద్దున, ఎవరూ ఉండరని మంచులోనే బట్టల మూట పట్టుకుని రేవుకి వెళ్లింది. కాలవ కనబడడం లేదు, నీళ్ల చప్పుడు మాత్రం ఉంది. కింద మెట్టు మీద ఎవరో కూర్చుని ఉన్నారు. మంచు ఆ మనిషి చుట్టూ మెల్లగా తిరుగుతోంది. తెల్లగా కనబడుతున్నది చీరో మంచో తేలక రత్నం అలాగే నిలబడిపోయింది. ఇంకా పక్క మీదే ఉన్నానేమో అనుకుంది.

“దిగు. జారుద్ది, చూసుకుని,” అంది సూరమ్మ.

రత్నం ఒక మెట్టు దిగింది. “నువ్వేంటక్కా ఇంత పొద్దున్నే?”

“నీ కోసమే. నువ్వు ఈ వేళప్పుడు వస్తున్నావని మీ ఆయన చెప్పేరు.”

మూడు వారాలుగా కూర్చి పెట్టుకున్న మాటలన్నీ రత్నం నోటికి ఒక్కసారే వచ్చాయి. “అక్కా, నేను చెడ్డ మాట చెబుదామని లేవలేదక్కా. కల్లో నువ్వు నవ్వుతున్నావక్కా. అది చెబుదామని, అంతేనక్కా, వాళ్లు నన్ను...”

“తెలుసే.”

“తెలుసా?”

“లేచినప్పుడు నీ మొహం చూసేనుగా. చావు కబురు చెప్పేదాని మొహం అలాగుంటదా? అంత భయంలోనూ నాకా సంగతి తెలుసు.”

తెలిసిన దానికోసమా ఇన్నాళ్లూ ఇంత కుమిలింది? “మరి నా మీద కోపం లేదా?”

“ఎందుకు లేదూ? చచ్చేంత ఉంది.” సూరమ్మ నీళ్లకేసి చూస్తూ అంది. “ఆదివారం నుంచి సోమవారం సాయంత్రం దాకా పేటంతా మా ఇంట్లోనే ఉన్నారు. ఎప్పుడూ గడప తొక్కనివాళ్లు కూడా వచ్చేరు. మార్తమ్మగారు నా తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. నేను మాత్రం గుమ్మం కేసే చూసేను. అడుగు చప్పుడైతే చాలు, నువ్వేననుకున్నాను. మనకి మధ్యన ఉన్నది ఒక్క గోడేనే, రత్నం. నువ్వు రాలేదు.”

ఏ మొహం పెట్టుకుని రానక్కా అన్న మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. అది అక్కడే చచ్చిపోయింది. ఎవరెవరు తన్ని ఎలా చూశారో, ఎవరేమన్నారో రత్నం తలుచుకోని పూట లేదు. గోడ అవతల ఒక మనిషి తన కోసం గుమ్మం వైపు చూసి ఉంటుందని ఒక్కసారీ తట్టలేదు. తను ఆ రోజున్నరా తన మొహాన్ని కాపాడుకుంటూ కూర్చుంది. ఇన్నాళ్ల సిగ్గు ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. కానీ ఈ నొప్పిలో తలదించుకుని పారిపోవాలనిపించలేదు, సూరమ్మ దగ్గరికి వెళ్లాలనిపించింది.

“రావాల్సిందక్కా,” అంది. ఇంకే సంజాయిషీ కలపలేదు.

సూరమ్మ ముక్కు చీది, నీళ్లలోంచి బరువైన దుప్పటి పైకి లాగింది. “ఆ కొస పట్టుకో. ఒక్కదాన్నీ పిండలేక నీళ్లోడుతుండగానే ఆరేసుకుంటున్నాను.”

ఇద్దరూ చెరో కొసా పట్టుకుని చెరో వైపూ మెలి తిప్పారు. నీళ్లు మెట్ల మీద పడుతున్నాయి. అంతలో గట్టు మీద మాటలు వినిపించాయి. రేవుకి వచ్చే ఆడవాళ్లు. మంచులో ముందుగా తెలిసింది మార్తమ్మగారి దగ్గు. రత్నం చేతులు సడలాయి, కళ్లు తన మూట కేసి వెళ్లాయి.

“వదలకు,” అంది సూరమ్మ.

రత్నం వదల్లేదు. కొసని మణికట్టుకి ఒక చుట్టు చుట్టుకుంది. వచ్చేవాళ్ల మొహాలు ఇంకా ఆనకముందే తలెత్తి, అందరికన్నా ముందు తనే, “మెట్లు జారుతున్నాయండి, మార్తమ్మగారూ, చూసుకుని దిగండి,” అని గట్టిగా పిలిచి చెప్పింది.