పదిహేడో ‘కూడదు’

ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలు. ఆకాశమంతా ఒకే మబ్బు, గాలి లేదు, కిటికీ బయటి ఉష్ణమాపకం పందొమ్మిది డిగ్రీలు చూపుతోంది. కంటికి ఆనని జల్లు అద్దం మీద పడి, చుక్కగా కూడి, బరువెక్కాక మాత్రమే జారుతోంది. ఆరోగ్యశాఖ కార్యాలయం మూడో అంతస్తులో పట్టికలమ్మ గొడుగు విప్పి మూలన ఆరబెట్టి, చేతులు కడుక్కుని, తొమ్మిది దేశాల పట్టికను బల్ల మీద పరిచింది. పదకొండు గంటలకు సంఘం కూర్చుంటుంది. వృద్ధాశ్రమాల తలుపులు మూయాలో వద్దో ఆ పట్టికను చూసే తేలుస్తారు.

ఆమె గణాంకాధికారి. ముప్పై ఒక్క ఏళ్ళుగా పట్టికలు గీయడమే పని గనుక పట్టికలమ్మ అన్న పేరు స్థిరపడింది. ఆమె కూడా కాదనలేదు. మహమ్మారి వచ్చాక ఒక్కో దేశం ఒక్కో తీరున కట్టడి పెట్టింది. వాటిని పోల్చడానికి ఆమె మూడు గడులు చేసింది. బంధువులను గుమ్మం తొక్కనివ్వనివి తాళం దేశాలు. వేళ పెట్టి ఒక్కొక్కరినే రానిచ్చినవి గొళ్ళెం దేశాలు. రాకుంటే మంచిదని చెప్పి ఊరుకున్నవి తెర దేశాలు. ఒక్కో గడిలో మూడేసి దేశాలు. ఆశ్రమాల్లో ఉన్న ప్రతి వెయ్యిమందికి తాళం దేశాల్లో ఇరవై రెండు మరణాలు, తెర దేశాల్లో ఇరవై మూడు.

“తాళం వేసినా దొంగ దూరుతున్నాడంటే ఇక తాళమెందుకండీ?” అన్నాడు నిన్న సంఘం అధ్యక్షుడు. ఆయన పదవీ విరమణ చేసిన డాక్టరు. ఒకసారి అన్న మాటకు మర్నాడు సంతకం పెట్టే మనిషి.

ఆ మాట విన్నాక పట్టికలమ్మ నిన్న రాత్రి కంటినిండా నిద్రపోయింది. ఆమె అక్క ఉంటున్నది అలాంటి ఆశ్రమంలోనే. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి అక్కకు మాట పోయింది, మింగడం సగం పోయింది. ఎవరు పెట్టినా పొలమారుతుంది. చెల్లెలు పెడితేనే లోపలికి దిగుతుంది. పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి పట్టికలమ్మ వెళ్ళి స్పూనుతో పెట్టి వస్తుంది. రాకపోకలు ఆగితే ముక్కులోంచి గొట్టం వేయక తప్పదని, ఈ స్థితిలో గొట్టం పడిన వాళ్ళు ఎక్కువ కాలం నిలవడం తాను చూడలేదని ఆశ్రమం డాక్టరు దాచకుండా చెప్పాడు.

ఎనిమిది దాటాక అనువాదకురాలు వచ్చింది. మాస్కు కట్టినా నోరు కట్టని మనిషి. పరాయి దేశాల ఉత్తర్వులన్నీ తెలుగు చేసింది ఆమే. సమావేశానికి ముందు ఇద్దరూ పట్టికను వరసలవారీగా పైకి చదువుకోవడం అలవాటు.

“నాలుగో దేశం. ‘బంధువులు ఆశ్రమాలకు వెళ్ళకూడదు.’ తెర,” అంది పట్టికలమ్మ, గీత మీద వేలుంచి.

“తెరేంటి మేడమ్? తాళం కదా అది!”

“కూడదు అని రాశావుగా. వెళ్ళడం మంచిది కాదనేగా?”

“అయ్యో రామా! మా ఇంట్లో ‘తింటూ మాట్లాడకూడదు’ అని మా అమ్మ అన్నాక మాట్లాడితే వీపు విమానం మోత మోగేది. మాకు కూడదంటే చట్టమే.”

“మా నాన్న ‘ఎండలో తిరక్కూడదమ్మా’ అనేవారు. మేం తిరిగేవాళ్ళం. ఆయనే గొడుగు పట్టుకుని వెనకాల వచ్చేవారు.”

“పెట్టి పుట్టారు మీరు.” అనువాదకురాలి నవ్వు సగంలోనే ఆగింది. “మేడమ్, నిజంగానే తెరలో వేశారా?”

“మూలం తియ్యి.”

అనువాదకురాలు కాగితం తీసి, ఒక్కొక్క మాటే తూచి చదివింది. “ప్రవేశం నిషిద్ధం. అతిక్రమించిన వారిని నిర్బంధించవచ్చు.”

పట్టికలమ్మ పెన్సిలు అందుకుంది. నాలుగో దేశంలో మరణాలు వెయ్యికి ఆరు. తొమ్మిది దేశాల్లోకీ అతి తక్కువ. ఆ ఆరును తెర గడిలోంచి తీస్తే అక్కడ ముప్పై, ముప్పై మూడు మిగిలాయి. సగటు ముప్పై ఒకటిన్నర. దాన్ని తాళం గడిలో చేరిస్తే అక్కడి సగటు పద్దెనిమిదికి దిగింది. అసలు ఆ దేశాన్నే కొట్టేసి చూసింది. ముప్పై ఒకటిన్నరకు ఎదురుగా ఇరవై రెండు. ఎటు తిప్పినా తాళమే నెగ్గుతోంది.

తప్పు జరగడం వింత కాదు. ఎలా జరిగిందన్నదే ఆమెకు మింగుడు పడలేదు. దస్త్రంలో ‘కూడదు’ పదిహేడుచోట్ల వచ్చింది. ప్రతిచోటా అది ఆజ్ఞా, సలహానా అని అనువాదకురాలిని అడిగి, పక్కన చిన్న టిక్కు పెట్టడం తాను పెట్టుకున్న నియమమే. టిక్కులు పదహారే ఉన్నాయి. పదిహేడోది చదివిన రోజు చూసింది: మంగళవారం. ఆశ్రమం డాక్టరు గొట్టం మాట ఎత్తింది ఆ పొద్దుటే. ఆ రోజు ఆమె ‘కూడదు’ అన్న మాటను నాన్న గొంతుతో చదువుకుంది. అడగవలసిన మనిషి ఆరడుగుల దూరంలో ఉన్నా అడగలేదు.

“మేడమ్,” అంది అనువాదకురాలు గొంతు తగ్గించి, “ఇంకోసారి సరిచూడాలని చెప్పి రెండ్రోజులు వాయిదా అడుగుదాం. అబద్ధమేం కాదుగా. ఈలోపల మీ అక్కగారికి ఏదో ఒక దారి…”

“రెండ్రోజుల్లో ఈ జబ్బు ఎంతమందిని చుడుతుందో నివేదిక ఆరో పేజీలో ఉంది. రాసింది నేనే.”

“అక్కగారో?”

పట్టికలమ్మ పట్టికను దగ్గరకు లాక్కుంది. తొమ్మిదింటికి పట్టిక తిరగరాసి, టైపుకిచ్చి, ఆశ్రమానికి ఫోను చేసింది. ఎత్తింది అక్క గదిని చూసుకునే నర్సు.

“మధ్యాహ్నం నుంచి నేను రాలేకపోవచ్చు. నువ్వే పెట్టాలి.”

“నావల్ల కాదండీ! నన్ను చూస్తేనే ఆవిడ నోరు బిగించేస్తారు. తల ఎడమకి తిప్పాను, అర స్పూనే పెట్టాను, అన్నీ మీలాగే చేశాను.”

“తొందరపడి ఉంటావు.”

“నా తొందర కాదండీ. మీరింకేదో చేస్తున్నారు, నాకు చెప్పట్లేదు.”

పట్టికలమ్మ కళ్ళు మూసుకుని, చేతిలో స్పూను ఉన్నట్టే ఊహించి, ఆ పొద్దున తాను చేసిందంతా వరసగా తలచుకుంది.

“ముందు నేను ఉత్త స్పూను నోట్లో పెట్టుకుని గుటక వేస్తాను. అది చూసి తను వేస్తుంది. చిన్నప్పుడు నాకు తనే అలా మందు తాగించేది.”

“మాస్కులో గుటక ఎలా కనిపిస్తుందండీ?”

“నోరు వద్దు. మెడ కనిపించేలా కూర్చో. కాలరు గుండీ తియ్యి.”

పదకొండింటికి ఆమె నిలబడే మాట్లాడింది.

“నిన్నటి పట్టిక తప్పు. తప్పు అనువాదానిది కాదు, నాది. పదహారు చోట్ల సరిచూశాను. పదిహేడోచోట చూడలేదు.”

“మీరా? పట్టికలమ్మగారికి ఒక గడి తప్పడమా? ఎందుకు చూడలేదు?” అన్నాడు అధ్యక్షుడు.

“అది అలా ఉంటేనే నాకు బాగుండేది గనక.”

అధ్యక్షుడు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

“మీవాళ్ళెవరైనా ఉన్నారా అమ్మా, లోపల?”

“మా అక్క.”

ఆయన పెన్ను తీసి, మూత తియ్యకుండా కాసేపు పట్టుకున్నాడు. “మినహాయింపు ఏమైనా రాయమంటారా?”

“నాలుగో దేశం ఎవరికీ ఇవ్వలేదండీ.”

పన్నెండుకు తాళం పడింది. సాయంత్రం ఆరింటికి కాళ్ళు అలవాటుగా ఆమెను ఆశ్రమం గేటు దాకా తీసుకొచ్చాయి. జల్లు ఆగలేదు, చినుకై ముదిరింది. మేడ మీద అక్క గది కిటికీలో దీపం వెలిగింది. ఆరూ పది. ఆరూ ఇరవై. లోపల పొలమారితే కింద వినపడదని ఆమెకు తెలుసు. అయినా గొడుగు మీద చినుకుల చప్పుడు వినికిడికి అడ్డమని దాన్ని ముడిచి, తడుస్తూ నిలబడింది. ఆరూ ముప్పై అయిదుకు ఫోను మోగింది.

“నాలుగు స్పూన్లండీ,” అంది నర్సు. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. “నా మెడ కేసే చూస్తున్నారు.”

డెబ్బై నాలుగు రోజుల తర్వాత తలుపులు తెరిచారు. ఆ ఆశ్రమంలో ఉన్న అరవై ఇద్దరిలో ఒకరు పోయారు. ఆ ఒకరు అక్క కాదు. మొదటి పొద్దున పట్టికలమ్మ కాలరు గుండీ తీసి, ఉత్త స్పూనుతో గుటక వేసి చూపించింది. అక్క ఆమెను ఆనవాలు పట్టింది, చెయ్యి కూడా పట్టుకుంది. నోరు మాత్రం నర్సు వచ్చేదాకా తెరవలేదు. తర్వాత బతికిన అయిదేళ్ళూ నర్సు పెడితేనే తిన్నది.

అక్క పోయిన మరుసటి ఏడు శాఖ అనువాద నియమావళి అచ్చయింది. అందులో పదిహేడో నియమం ఇది: ఆజ్ఞ అయితే ‘నిషిద్ధం’ అని, సలహా అయితే ‘మంచిది కాదు’ అని రాయాలి, ‘కూడదు’ అనే మాట వాడకూడదు.