అడుగుల్లో మిగిలిన వీధి

ఆ గదిలో మధ్యాహ్నాలు ఎప్పుడూ సగం నిద్రలోనే ఉంటాయి. కిటికీ అద్దాల మీద జల్లు, లోపల కంప్యూటర్ల సన్నటి రొద, ఆ రెండింటి మధ్య తెర మీద తేలుతున్న ఊరు. పటాలు గీసే ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆ ఊరినే చూస్తూ ఉండిపోయింది. పనిలో మునిగిపోయిందని అందరూ అనుకున్నారు గానీ, నిజానికి ఆమె కూర్చున్నచోటే కలగంటోంది.

ఎగువన నది నిండింది. సాయంత్రం ఆనకట్ట గేట్లు ఎత్తక తప్పదు. ఎత్తితే నీళ్ళు పన్నెండు మీటర్ల మట్టానికి చేరతాయని లెక్క. అంతకంటే పల్లంలో ఉన్న వీధులేవో తేల్చి చెప్పడం ఈ ఆఫీసు పని. చిక్కల్లా ఎడమ గట్టుతోనే. దాని కొలతలు పాతవి, అన్నీ అడుగుల్లో ఉన్నాయి. కుడి గట్టువి కొత్తవి, మీటర్లలో. రెండూ ఒకే పటంలో ఇమడాలని పొద్దున్నే ఆమె పాతదాన్ని కొత్త చట్రంలోకి మార్చింది. ఒక్క మీట నొక్కగానే వీధులన్నీ బుద్ధిగా జరిగి, వెంట్రుకవాసి తేడా లేకుండా ఎక్కడివక్కడ సర్దుకున్నాయి. ఆ సంతోషంలోనే ఖాళీ చెయ్యాల్సిన వీధుల జాబితా పంపేసింది.

జాబితాలో అక్క వీధి లేదు. అక్క ఎడమ గట్టున బట్టలు కుడుతుంది. కిందటి వారం మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుని కుర్చీకి అతుక్కుపోయింది. పొద్దున ఫోన్ చేసి, "ఏమే, నేను కూడా మూట కట్టుకోవాలా?" అని అడిగింది.

"అక్కర్లేదక్కా. మీ వీధి ముప్పై ఒకటిలో ఉంది, నీళ్ళొచ్చేది పన్నెండు దాకానే. కాలు చాపుకుని హాయిగా పడుకో."

ఇప్పుడు తెర మీద ఎడమ గట్టు లేచి నిలబడింది. చూస్తుంటే కడుపు నిండిపోతోంది. ఇళ్ళన్నీ మబ్బుల్లోకి ఎగబాకినట్టున్నాయి, నది ఎక్కడో పాతాళంలో మెరుస్తోంది. పెళ్ళికి ముందు ఆరేళ్ళు ఆమె అక్క దగ్గరే ఉంది. తెర మీది ఆ కొండ పైకి మనసులోనే పాత సైకిలెక్కి బయల్దేరింది. మార్కెట్ మూల తిరిగింది, మందుల కొట్టు దాటింది. సైకిలు కదలదే! తొక్కుతోంది, తొక్కుతోంది, పిక్కలు లాగేస్తున్నాయి. ఇదేం చోద్యం? ఆ మూల తిరిగాక ఆమె ఆరేళ్ళలో ఒక్కనాడూ తొక్కి ఎరగదు. సైకిలే జర్రున జారుకుంటూ వెళ్ళి అక్క గుమ్మం ముందు ఆగేది.

కల ఎటుపోయిందో పోయింది.

పొడవునీ వెడల్పునీ మీటర్లలోకి మార్చిన ఆ యంత్రం, ఎత్తు జోలికి వెళ్ళలేదు. వెళ్ళమని తను చెప్పలేదు మరి. ముప్పై ఒకటి మీటర్లు కావు, అడుగులు. అంటే తొమ్మిదిన్నర మీటర్లు కూడా లేదు. అక్క గుమ్మంలో నిలబడ్డ మనిషి తల పైన ఇంకా దాదాపు రెండు మూరల నీళ్ళు.

వెంటనే పెద్దసారు గదిలోకి వెళ్ళి, తప్పు నాది అని చెప్పేసింది. ఆయన ఆమెకేసి ఒక్క చూపు చూశాడు. తిట్లు రేపటికి దాచుకున్నట్టున్నాడు, ఫోన్ అందుకుని ఎడమ గట్టుకి బండ్లు పంపమన్నాడు. ఆమె అక్కకి ఫోన్ కలిపింది.

"అక్కా, లే. నేను పొద్దున చెప్పింది తప్పు. వీధంతా మునుగుతుంది."

అక్క గొంతు చిన్నగా వినిపించింది. "అయ్యో తల్లీ... అందరూ మూటలు కట్టుకుంటుంటే నేనే ఆపానే. మా చెల్లెలే ఆ పటాలు గీసేది, ఏం కాదంది అని ఇంటింటికీ చెప్పించాను. ఇప్పుడు వెళ్ళండంటే నా మాట ఎవరు వింటారు? నువ్వే రా."

ఆమె స్కూటర్ మీద వెళ్ళింది. మందుల కొట్టు దాటగానే బండి తనంతట తానే జారింది, ఆ జారుడుకి ఏడుపొచ్చింది. మొదటి తలుపు కొట్టి, "తప్పు నాదండీ, మీ వీధి పల్లంలో ఉంది, లేవండి," అంది. రెండో తలుపు దగ్గరా అదే చెప్పింది. పదో తలుపు దగ్గర గొంతు పోయింది. జనం బయటికైతే వచ్చారు గానీ కదలరు. పొడిగా ఉన్న నేలనీ, ఆమెనీ మార్చి మార్చి చూస్తున్నారు.

"పొద్దునొకటి, ఇప్పుడొకటి. ఏది నమ్మమంటావమ్మా?" అన్నాడు ఎదురింటి తాతయ్య.

ఆమె తల వంచుకుంది.

"దాని మాట విని మిమ్మల్ని ఉండమన్నది నేను," అంది గుమ్మంలోంచి అక్క. "తప్పయిందని పరిగెత్తుకొచ్చి మన గుమ్మాల ముందు నిలబడింది. నేను దాన్నే నమ్ముతున్నాను. మీ ఇష్టం మీది. ముందు నన్నెవరైనా మొయ్యండి."

ఎవరూ కదలకముందే ఆమె వెళ్ళి కుర్చీ ఒక పక్క పట్టుకుంది. ఒంటి చేత్తో అది లేవలేదు. ఒక్క క్షణం ఆగి, రెండో పక్క తాతయ్య పట్టుకున్నాడు.