యలమందయ్య కారు గొంతు

యలమందయ్యకు భార్య వెంకటరావమ్మ ఎంతో, పాత కారూ అంతే. ఈ మాట ఆవిడే నవ్వుతూ చెప్పేది. ఎవరో జమీందారు కొట్టంలో కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్న ఆ డొక్కును తెచ్చి, బాగుచేయించి, మిరపచేల మధ్య డొంకల్లో దర్జాగా తిప్పుతున్నాడు. ఆడవాళ్లు వెనకసీట్లోనే కూర్చోవాలనేది ఆ ఇంటి ఆచారం గనక ఆవిడ ఎప్పుడూ వెనకే.

ఎనభై ఎనిమిదిలో, మిరప కోతలప్పుడు, ఇంజను గొంతు తగ్గిపోయిందని ఆయనకు దిగులు పట్టుకుంది. బండికి ఏ రోగమూ లేదని మెకానిక్ మొహిద్దీన్ బాషా మొత్తుకున్నా వినకుండా సైలెన్సరు పీకించేశాడు. అప్పట్నుంచి ఆ కారు వస్తుంటే ఊళ్లో గేదెలు పలుపులు తెంపుకునేవి.

ఒకనాడు ఇద్దరూ సత్తెనపల్లి బజారుకు వెళ్లారు. అక్కడ డాక్టరు రాధాకృష్ణమూర్తిగారు తన కొత్త కారుకు మద్రాసులో దొంగల అలారం పెట్టించుకొచ్చారు. కాస్త అదిరితే చాలు, దానంతటదే కూస్తుంది. యలమందయ్య కారు పక్కన ఆగిందో లేదో, ఆ అదురుకి అది చెవులు చిల్లులు పడేలా మొదలెట్టింది. ఈయన ఇంజను ఆపేసినా అది ఆపలేదు. జిన్నింగు మిల్లు కూత అనుకుని కూలీలు కొందరు అన్నం క్యారేజీలు కూడా విప్పేశారు. కొట్లలోవాళ్లంతా పోగయ్యారు.

యలమందయ్య మాత్రం, జనం తన కారును చూడ్డానికే వచ్చారనుకుని అందరికీ నమస్కారాలు పెడుతున్నాడు.

చెవులు మూసుకున్న వెంకటరావమ్మ అది చూసి చేతులు దించేసింది. పక్కనే అంత మోత మోగుతుంటే ఈ మనిషి అటు తిరిగైనా చూడలేదు. పిలిస్తే పలక్కపోవడం పొగరనుకుని ఇన్నాళ్లూ తను మూతి ముడుచుకు తిరిగింది. చెవుడని ఊరికి తెలిస్తే ఆయన్ని ఇక స్టీరింగు ముట్టుకోనివ్వరు. అది లేకపోతే ఆయన బతకలేడు.

డాక్టరుగారు వచ్చి అలారం ఆపి, తిట్లు లంకించుకునేలోపే ఆవిడ దిగి దణ్ణం పెట్టింది. పెట్టి, తిన్నగా వెళ్లి ముందుసీట్లో మొగుడి పక్కన కూర్చుంది. ఆయన ఆవిడ మొహంలోకి చూశాడు. సంగతి బయటపడిందని తెలిసిపోయింది.

"ముందు నీ గొంతే తగ్గిందే," అన్నాడు. "తర్వాత ఇంజనుది. దానికైతే సైలెన్సరు పీకించా. నిన్నేం చెయ్యను?"

పెళ్లయిన నాటినుంచి మొగుడి ముందు గొంతెత్తని వెంకటరావమ్మ ఆయన చెవి దగ్గరికి వంగింది. పక్కన తనుండగా ఊరికి తెలిస్తే తెలియనీ, నవ్వితే నవ్వనీ అనుకుని, బజారంతా వినేలా అరిచింది.

"ఇకమీదట నేనిక్కడే కూర్చుంటా. ఎవరు హారను కొట్టినా నేను చెబుతా. పోనీవయ్యా బండి."

ఆయనకు ప్రతి మాటా వినపడింది.